నీరు చూసి.. నోరు చూసి.. తీరు చూసి..

*రాజధాని ఊళ్లలో కొత్త ఇళ్లు లేస్తున్నాయి. కొత్త హాళ్లలోకి ఆరడుగుల అక్వేరియాలు వస్తున్నాయి. రంగులు చూసి కొన్న చేపలు వారం తిరక్కుండా ఒకదాన్నొకటి తింటున్నాయి. తప్పు చేపలది కాదు.*

తెల్లారి అయిదున్నర. తుళ్లూరులో మా బావగారి కొత్తింటి హాల్లో ఇంకా ఎవరూ లైటు వెయ్యలేదు. వీధి దీపం వెలుగు కిటికీలోంచి వచ్చి అక్వేరియం అద్దం మీద పడుతోంది. ఎనిమిదేళ్ల మనవడు ఆ అద్దానికి ముక్కు ఆనించి వేలితో లెక్కపెడుతున్నాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. మూడోసారికి గొంతు జీరబోయింది.

"నాయనమ్మా, పన్నెండే ఉన్నయ్!"

ముందురోజు సాయంత్రం బెజవాడ నుంచి తెచ్చి వదిలినవి ఇరవై నియాన్ టెట్రాలు. ఒక్కోటి అంగుళం పొడవు. ఒంటి పొడవునా నీలి గీత, దాని కింద ఎర్ర గీత. ట్యాంకులో అంతకుముందే రెండు ఏంజెల్ చేపలున్నాయి, అరచేయంత పెద్దవి. అవి ఏమీ ఎరగనట్టు మెల్లగా తిరుగుతున్నాయి. పొట్టలు మాత్రం నిన్నటి కంటే గుండ్రంగా ఉన్నాయి. ఫిల్టర్ మూతి దగ్గర ఒక చిన్న తోక అతుక్కుని ఊగుతోంది.

"కొట్టువాడు అన్నీ కలిసే ఉంటాయన్నాడే!" అన్నారు బావ, తువ్వాలు భుజాన వేసుకుని వస్తూ.

మా అక్క కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, వంగి ఏంజెల్ చేప మొహంలోకి చూసింది. "దాని నోరు చూడండి. ఆ పిల్ల చేప ఇందులో పట్టదూ? పట్టిందాన్ని మింగక ఏం చేస్తుంది?" అంది.

అక్క ఎప్పుడూ అక్వేరియం పుస్తకం చదవలేదు. కానీ యాభై ఏళ్లుగా చేపలు తోముతోంది. ప్రపంచంలో ఏ మూల చేపలు పెంచేవాళ్లని అడిగినా మొదట చెప్పే సూత్రం, ఆమె ఆ ఉదయం చెప్పిందే.

ఇల్లు మారితే హాలూ మారింది

ఈ వీధిలో పదేళ్ల కిందట హాలు అంటే మిరపకాయల బస్తాలకి కూడా చోటు. 2014-15లో రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌కి భూములిచ్చారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరులో ఇదే తుళ్లూరులో శిబిరం వేసి రైతులు రాజధాని కోసం నిరసనకు కూర్చున్నారు. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆ తర్వాత ఆగిపోయిన స్లాబులు కదిలాయి, కొత్త ఇళ్లు లేచాయి. మెట్ట పొలంలో పత్తి, మిర్చి చేసిన మనిషికి ఇప్పుడు ఉదయం లేస్తే చూసుకోవడానికి చేను లేదు. ప్రాణమున్నదాన్ని పెంచే అలవాటు మాత్రం చేతుల్లోంచి పోలేదు. మా బావ ట్యాంకు కొన్నది వాస్తు కోసమని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం అది చేను పోయిన చోటు నింపుకోవడమనే అనిపించింది.

కొన్నది చిన్నదేం కాదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నిండా పోస్తే దాదాపు 680 లీటర్లు. నీరు, అద్దం, గులకరాళ్లు, స్టాండు కలిపితే తొమ్మిది వందల కిలోల మాట. గుంటూరు యార్డుకి తోలే మిర్చి టిక్కీల లెక్కన ఇరవై టిక్కీలు ఒక్కచోట పేర్చినట్టు. అందుకే పై అంతస్తులో పెట్టాలనుకునేవాళ్లు ముందుగా ఇంజనీరుని అడగాలి. గోడవారగా, బీము మీదుగా పెట్టుకోవడం మేలు.

ఇంత ట్యాంకు ఉంటే ఏ చేపనైనా వేసుకోవచ్చనే భ్రమ కలుగుతుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

◼ అద్దంలో చేప ఎప్పటి నుంచి?
*రంగు చేపల్ని తొట్లలో పెంచడం చైనాలో వెయ్యేళ్ల నాటి ముచ్చట. గోల్డ్‌ఫిష్ అక్కడ పుట్టిందే. మొక్కలూ చేపలూ ఒకే గాజు తొట్టిలో ఒకదానికొకటి ఆసరాగా బతుకుతాయని 1850లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ చూపించాడు. 1853లో లండన్ జూలో జనం చూడ్డానికి చేపల శాల తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట వాడుకలోకి వచ్చింది. మన దేశంలో పేరున్న ముంబయి తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో మొదలైంది.*

నీరు: గిన్నె అడుగు చెప్పే మాట

చేపల కొట్టుకి వెళ్లేముందు వంటింట్లోకి వెళ్లండి. రోజూ బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టిందా? అయితే మీ నీళ్లు కఠినం. సున్నం పాలు ఎక్కువ. నల్లరేగడి నేలల బోర్లలో ఇది మామూలే. సబ్బు నురగ రాదు, పప్పు త్వరగా ఉడకదు. ఆ నీళ్లలోనే మీ చేప బతకాలి.

నియాన్ టెట్రా పుట్టిల్లు అమెజాన్ ఎగువ వాగులు. అక్కడి నీరు దాదాపు వాన నీరంత మెత్తన. రాలిన ఆకులు నాని కాస్త పుల్లన కూడా. ఫారాల్లో పెంచిన పిల్లలు కొంత తట్టుకుంటాయి, నిజమే. అయినా మన బోరు నీళ్లలో వాటి రంగు తేలిపోతుంది, ఆయుష్షు తగ్గుతుంది. డిస్కస్ చేపదీ ఇదే కథ. వేలు పోసి కొని నెలలోపు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

అలాగని మన నీళ్లు చెడ్డవా? కానే కాదు. మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్, గప్పీ లాంటి పిల్లల్ని పెట్టే చేపలకి సున్నం ఉన్న నీరే ఇష్టం. వీటిలో చాలావాటి మూలం మధ్య అమెరికా. న్యూగినియా దీవి నుంచి వచ్చిన బోస్‌మాని రెయిన్‌బో ముందుభాగం నీలం, వెనకభాగం నారింజ. దానికీ కఠిన జలమే నప్పుతుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లకీ గట్టి నీరు పడుతుంది. కానీ వాటి కోపం వేరు, వాటిని వేరేవాటితో కలపకూడదు.

"రేగడిలో పత్తి వేసినట్టు, ఇసకలో వేరుశనగ వేసినట్టు అన్నమాట" అన్నారు బావ, ఈ సంగతి చెప్పగానే. అంతే. నేలను మార్చి పంట వేసేవాళ్లు తక్కువ, నేలకి తగ్గ పంట ఏరుకునేవాళ్లే ఎక్కువ. ఆర్వో నీళ్లు సగానికి సగం కలిపి మెత్తబరచవచ్చు. కానీ 680 లీటర్లకి వారం వారం ఆ పని ఎన్నాళ్లు చేస్తారు? ఉన్న నీటికి తగిన చేపను తెచ్చుకోవడమే తేలిక. చేపకీ అదే సుఖం.

నోరు: పేరు షార్కు, ఊరు కైకలూరు

కొట్లో రెండంగుళాల వెండి చేపను చూపించి 'షార్క్' అంటారు. పిల్లలు ఎగిరి గంతేస్తారు. మా ఇంటికీ అలాంటివి నాలుగొచ్చాయి. అక్క వాటిని చూసి మొహం చిట్లించింది. "ఇది పంగస్ కాదూ?"

ముమ్మాటికీ పంగసే. మెకాంగ్ నది చేప ఇది. తొంభైల నడుమ బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. ఆ తర్వాత కొల్లేరు చుట్టూ, కైకలూరు చెరువుల్లో టన్నులకొద్దీ పెంచారు. 'బాసా' పేరుతో హోటళ్లలో వచ్చే ముల్లు లేని ముక్క చాలాసార్లు ఇదే. చెరువులో ఏడాది తిరిగేసరికి కిలో దాటుతుంది. అడ్డు లేకపోతే మీటరు పొడవు దాటి పెరుగుతుంది. పైగా మహా పిరికిది. చప్పుడైతే చాలు, వెళ్లి అద్దానికి కొట్టుకుంటుంది. ఇంత జీవిని ఆరడుగుల ట్యాంకులో పెట్టడం ఎద్దుని కోళ్లగూట్లో కట్టేసినట్టే.

'పిరానా' అని అమ్మే ఎర్రపొట్ట చేప కూడా అంతే. చాలాచోట్ల అది మన చెరువుల్లో పెంచే రూప్‌చంద్. ఎర్ర తోకల, పులిచారల పేర్లతో వచ్చే పెద్ద జాతి జెల్లలూ అంతే. కొనేటప్పుడు వేలెడు, రెండేళ్లకి మూరెడు.

చేప పెద్దదయ్యాక ఎంతుంటుందన్నది మొదటి ప్రశ్న. నోరెంత అన్నది రెండోది. నోరు ఎటు తిరిగి ఉందన్నది మూడోది. ఈ మూడోదాన్ని మా అక్క నాకు చూపించిన తీరు మర్చిపోలేను. అద్దం మీద వేలు పెట్టి ఒక్కో చేపనీ చదివింది. "దీని నోరు పైకి ఉంది, ఇది నీటి మీద తేలే మేత తింటుంది. దీనిది ఎదురుగా ఉంది, మధ్యలో తిరుగుతుంది. దీనికి మీసాలున్నయ్, మన జెల్లకీ మార్పుకీ ఇంగిలాయికీ ఉన్నట్టు. ఇది అడుగున వెతుక్కునేది."

మీసాలున్న ఆ బుల్లి చేప కోరిడోరాస్. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అక్క దాని పేరు ఇప్పటికీ పలకలేదు. కానీ దానికి అడుగున పదునైన రాళ్లు వద్దు, సన్న ఇసక కావాలని పోల్చుకుంది. "మీసాలు కోసుకుపోవూ?"

పెద్ద ట్యాంకు నింపే కిటుకు ఇందులోనే ఉంది. చేపలన్నీ ఒకే ఎత్తులో తిరిగితే తోపులాట తప్పదు. పైన కొన్ని, నడుమ కొన్ని, అడుగున కొన్ని సర్దుకుంటే ట్యాంకు నిండుగా ఉంటుంది, ఎవరి తోవ వాళ్లది.

◼ కొన్ననాటికీ పెరిగాకకీ
*ఆస్కార్: వేలెడు కొంటే ఏడాదిన్నరలో అడుగు పొడవు. చిన్న చేపలన్నీ దాని మేతే.*
*బాలా షార్క్: అడుగు పైనే. గుంపుగా ఉంటేనే ధైర్యం.*
*క్లౌన్ లోచ్: ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలు. కనీసం ఆరు ఉండాలి.*
*మామూలు సక్కర్ ఫిష్: అడుగున్నర దాకా.*
*బ్రిజిల్‌నోస్ సక్కర్: అయిదారు అంగుళాలు. పాకుడు తినడానికి ఇది చాలు.*
*ఫ్లవర్‌హార్న్: అడుగు వరకు. 1990లలో మలేసియాలో సంకరం చేసి పుట్టించిన చేప. ఒంటరిగానే పెంచాలి.*

తీరు: పత్తిలో బెండ వేస్తామా?

సైజు కుదిరింది, నీరు కుదిరింది. అయినా పడదు. ఎందుకు?

బావగారి మాటల్లోనే చెప్పాలంటే, "పత్తిలో కంది వేస్తాం. సాలుకి సాలు ఎడంగా, దేని కాలం దానిది. బెండ వెయ్యం. పత్తికి పట్టే పచ్చదోమ, మచ్చల పురుగు బెండకీ పడతయ్. రెండూ మంచి పంటలే. పక్కపక్కన మంచివి కావు."

టైగర్ బార్బ్ అందమైన చేప. పసుపు ఒంటి మీద నాలుగు నల్ల పట్టీలు. మూడు కొని ఏంజెల్ పక్కన వేస్తే, పట్టు కుచ్చుల్లా వేలాడే ఏంజెల్ రెక్కలు రెండు రోజుల్లో పీలికలు. అదే టైగర్ బార్బ్‌లు పదో పన్నెండో ఉంటే వాటి జగడం వాటిలోనే తేలిపోతుంది. అయినా పొడుగు రెక్కల చేప పక్కన వాటిని పెట్టకపోవడమే మంచిది. గుంపు చేపను ఒంటరిగా, జంటగా కొనడం మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. 'రంగుకి రెండు' అంటూ తెచ్చుకుంటాం. గుంపు లేని టెట్రా, బార్బ్, కోరిడోరాస్ బెదిరి మూలన నక్కుతుంది, లేదా తిరగబడుతుంది. ఏ గుంపు చేపైనా ఆరుకి తగ్గకూడదు. పెద్ద ట్యాంకులో ఎనిమిదో పదో ఉంటే ఇంకా బాగు.

ఎర్రతోక నల్ల షార్కు అని ఒకటుంది. థాయ్‌లాండ్ చేప. అడవి నీళ్లలో అంతరించే దశకి వచ్చింది. దాని తీరు గుంపు చేపలకి పూర్తిగా తిరగేసి. ట్యాంకుకి ఒక్కటే ఉండాలి. రెండో దాన్ని చూస్తే ప్రాణం పోయేదాకా తరుముతుంది. స్వోర్డ్‌టెయిల్, మోలీల్లో ఒక పోతుకి రెండు మూడు పెంటి చేపలుండాలి. లేకపోతే ఉన్న ఒక్కదాన్ని వెంటాడి చంపుకుతింటుంది. ఏంజెల్ మామూలప్పుడు సాధువే. గుడ్లు పెట్టిన రోజు నుంచి ట్యాంకులో సగం తనదంటుంది.

గోల్డ్‌ఫిష్‌ని వీటిలో దేనితోనూ కలపకండి. దానికి చల్లని నీరు కావాలి. మురికి ఎక్కువ చేస్తుంది, నడక మందం. సక్కర్ ఫిష్‌తో పెడితే, అది రాత్రిపూట గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పీలుస్తుంది. తెల్లారేసరికి ఒంటి మీద పుండ్లు.

ఇంకో మాట. కొట్లలో గులాబీ, ఆకుపచ్చ, ఊదారంగు గీతలతో గాజులాంటి చేపలు కనిపిస్తాయి. ఆ రంగులు చాలాసార్లు సూదితో ఎక్కించినవి. రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. సూది దెబ్బకి, దాంతో అంటిన జబ్బుకి చేపలు చాలా ముందే పోతాయి. దయచేసి కొనకండి. కొనేవాళ్లు లేకపోతే పొడిచేవాళ్లూ ఉండరు.

మే నెల గండం

మన దగ్గర వేసవిలో ఎండ 43, 44 డిగ్రీలకి పోతుంది. ఏసీ లేని హాల్లో ట్యాంకు నీరు 32 దాటడం వింత కాదు. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగిన ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకి మాత్రం ఎక్కువ కావాలి. అలాంటప్పుడు కరెంటు పోతే గంటా రెండు గంటల్లో చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

గౌరామి చేపలకి ఈ గండం తక్కువ. మన కొరమేను, గొరక మాదిరి అవి నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తాయి. మన వేసవికి పనికొచ్చే చేపల్లో పెర్ల్ గౌరామిని ముందు వరుసలో పెడతాను. ఒంటి నిండా ముత్యాలు చల్లినట్టుండే నెమ్మది చేప.

ఏర్పాట్లు ఖరీదైనవి కావు. మూత తీసి నీటి మీదుగా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కుండలో నీరు చల్లబడే సూత్రమే. ఎయిర్ పంపు తినే కరెంటు అయిదు పది వాట్లు. దాన్ని ఇన్వర్టర్ లైనుకి కలపండి. మేత సగానికి తగ్గించండి. మంచుగడ్డలు మాత్రం పొయ్యొద్దు. ఒక్కసారిగా చల్లబడితే చేపకి తెల్లచుక్కల జబ్బు తగులుకుంటుంది.

◼ ఆరు వారాల ఓపిక
*కొత్త ట్యాంకు నింపిన రోజే చేపలన్నీ వేస్తే చచ్చిపోతాయి. చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని అంతగా హాని చెయ్యని స్థితికి మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో ఊరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడేసి పెరుగు కోసం ఆగినట్టు ఆగాలి. ముందు అయిదారు మోలీలు వేసి, రెండేసి వారాలకి ఒక గుంపు చొప్పున పెంచండి. వారానికి పావు వంతు నీరు మార్చండి. కుళాయి నీరైతే క్లోరిన్ పోయేలా ఒకరోజు నిలవబెట్టండి. ఫిల్టర్ స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లతోనే కడగండి. కుళాయి కింద కడిగితే ఆ సూక్ష్మజీవులన్నీ పోతాయి.*

ఏరు: ట్యాంకులోంచి కృష్ణలోకి

ఈ కథలో నన్ను నిద్రపోనివ్వని భాగం ఇది.

పాకుడు తింటుందని కొన్న సక్కర్ ఫిష్ అడుగు దాటుతుంది. ట్యాంకులో చోటుండదు, చంపబుద్ధి కాదు. 'పాపం, ఏట్లో వదిలేద్దాం' అనుకుంటారు. సంచిలో వేసుకుని కరకట్ట దాకా వెళ్లి వదిలేస్తారు. పుణ్యం చేశామనే అనుకుంటారు.

అదే చేప ఇవాళ కృష్ణా డెల్టా కాలువల్లో, చేపల చెరువుల్లో 'డెవిల్ ఫిష్', 'దెయ్యం చేప' పేరుతో వలల్లో పడుతోంది. దక్షిణ అమెరికా నుంచి రంగు చేపల వ్యాపారం మోసుకొచ్చిన జాతి. ఒళ్లంతా ఎముక పెంకులు, రెక్కలకి గట్టి ముళ్లు. వలలో చిక్కితే వల చిరుగుతుంది. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది, దాంతో గట్టు బలహీనపడుతుంది. నీటి బయట గంటల తరబడి బతుకుతుంది. పాకుడు తినేసి మన శీలావతి, మోసు పిల్లలకి మేత లేకుండా చేస్తుంది. సంతలో పైసా పలకదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లతో తూర్పు కనుమల జలాశయాల్లో ఇది ఎక్కడెక్కడికి పాకిందో వెతికారు. చాలా విస్తారంగా కనిపించింది.

తెల్లవారుజామున పడవేసుకుని వెళ్లే మనిషికి వలే పెట్టుబడి. చిరిగిన వల కుట్టుకోవడానికి పట్టే పూట అతని కూలి. ఆ నష్టం ఎవరి హాల్లోంచి వచ్చిందో అతనికి తెలియదు. మనకి తెలుసు.

ఇది మన ఒక్క ఏటి గొడవ కాదు. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో, భోపాల్ పెద్ద చెరువులో మొసలి మూతి ఉన్న ఎలిగేటర్ గార్ చేపలు దొరికాయి. ఉత్తర అమెరికా చేప కశ్మీరు దాకా ఈదుకుంటూ రాలేదు.

◼ పెరట్లో ఉపాధి
*రంగు చేపల పెంపకం ఇంటిపట్టున చేసుకోదగ్గ పని. ఈ వ్యాపారానికి చెన్నై కొళత్తూరు పెద్ద కేంద్రం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి యూనిట్లకి సబ్సిడీ పెట్టారు. సాధారణ వర్గాలకి 40 శాతం, మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి 60 శాతం. మన బోరు నీళ్లకి సరిపడే మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్‌తో మొదలుపెట్టేవాళ్లకి చేతులు కాలే భయం తక్కువ. ఇప్పటి వివరాలకి మండల మత్స్యశాఖ కార్యాలయంలో అడగవచ్చు.*

ఇప్పుడు ఆ ట్యాంకులో

మిగిలిన పన్నెండు నియాన్లూ మనవడి గదిలో రెండడుగుల చిన్న తొట్లోకి మారాయి, ఆర్వో నీళ్లు కలిపిన నీళ్లలోకి. పంగస్ పిల్లలు నాలుగింటినీ కొట్టుకే తిరిగిచ్చేశారు. డబ్బులు వెనక్కి రాలేదు, బావ అడగనూ లేదు. పెద్ద ట్యాంకులో రెండు నెలల మీద ఒక్కో గుంపూ చేరింది. నడిమి నీళ్లలో పది బోస్‌మాని రెయిన్‌బోలు, పాత ఏంజెల్ జంట. పై వరసలో నాలుగు పెర్ల్ గౌరామిలు. స్వోర్డ్‌టెయిల్ పోతులు రెండు, పెంటివి ఆరు. అడుగున సన్న ఇసకలో ఎనిమిది కోరిడోరాస్. పాకుడికి ఒక బ్రిజిల్‌నోస్. స్వోర్డ్‌టెయిల్ పిల్లల్లో సగం ఏంజెల్స్ మేతకే పోతున్నాయి. మనవడు అందుకు ఇంకా ఒప్పుకోలేదు. పిల్లలు దాక్కోవడానికి ఒక మూల నాచు గుబురుగా పెంచుతున్నాడు.

బావ రోజూ అయిదున్నరకి లేచి, చేనుకి వెళ్లే వేళకి ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు.

మీ ఇంట్లో పెరిగిపోయిన చేప ఉంటే కొట్టుకి తిరిగివ్వండి. పెద్ద ట్యాంకున్న స్నేహితులకివ్వండి. ఎవరూ తీసుకోకపోతే మత్స్యశాఖ వాళ్లని అడగండి. కృష్ణలో, కాలువలో, ఊరి చెరువులో మాత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా వదలకండి.